కాయిల్ చెడిపోలేదు

ఇరవై ఏళ్ల కింద, జనగామ టాక్సీ అడ్డా మీద, ఒక ఆదివారం పొద్దున అందరి ముందు నన్నొక మాట అడిగారు. "నాకేం తెల్వది" అన్నాను. నాకు తెలుసు. మా కారు ఎందుకు స్టార్ట్ కావడం లేదో అక్కడున్న పది పదిహేను మందిలో నాకొక్కడికే తెలుసు. దాన్ని స్టార్ట్ కాకుండా చేసింది నేనే.

ఆ రోజు నేను నోరు విప్పకపోవడంతో ఒక మెకానిక్ మీద దొంగ అనే ముద్ర పడింది. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా వైపు చెప్పుకోవడానికి కారణాలున్నాయి, అవి కూడా రాస్తాను. అవి చదివాక నా మీద జాలి పడనక్కరలేదు.

ఆ కారు పొత్తుల కారు. మా అన్న, నేను కలిసి కొన్నాం. అన్నకు జనగామ బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు ఉండేది, దాని పక్కనే టాక్సీల అడ్డా. నేను మహబూబాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తాను. తెల్లటి పెట్రోలు బండి, కార్బురేటర్ కాలం నాటిది. మా చేతికి వచ్చేసరికే దాని వయసు పదిహేనేళ్లు. మహబూబాబాద్‌లో నేనున్న అద్దె ఇంటి గల్లీలోకి ఆటో కూడా సరిగా తిరగదు. అందుకని కారు జనగామలో అన్న ఇంటి ముందే ఉండేది. ఆదివారం మాది, మిగిలిన రోజులు అన్నవి. అలా అనుకున్నాం. శనివారం సాయంత్రం నా భార్య, పాప, నేను రైల్లో జనగామ వచ్చేవాళ్లం. చేర్యాల రోడ్డు మీద ఉన్న నా అత్తగారి ఊరికి పోయి వచ్చి, సోమవారం పొద్దున మళ్లీ రైలెక్కేవాళ్లం.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ముహూర్తాలకు ఆదివారం, సోమవారం అనే తేడా లేదు. మా అన్న దగ్గర బట్టలు కుట్టించుకునే ఇళ్లలో పెళ్లి అంటే పెళ్లికూతురు కూర్చునేది మా కారులోనే. డబ్బు తీసుకునేవాడు కాదు. "పెండ్లి పిల్ల ఎక్కే బండి. అడిగితే లేదని ఎట్లంటం?" అనేవాడు. అడిగిన వాళ్ల ముందు మా అన్న ఒక అడుగు ఎత్తు పెరిగేవాడు. ఆ కారు వల్ల ఆయనకు వచ్చిన లాభం అదే.

ఒక ఆదివారం మేము లేచేసరికి కారు లేదు. పెళ్లికూతుర్ని తీసుకుని పాలకుర్తి పోయిందని వదిన చెప్పింది. మేము బస్సులో పోయాం. కూర్చోవడానికి చోటు దొరకలేదు. పాప నా భుజం మీద నిద్రపోయింది. నా భార్య చాలాసేపు కిటికీలోంచి చూసి, ఎవరితోనో అన్నట్టు అంది: "సగం కారు మనదంటివి. ఏ సగం? ఎనుక సగమైతే చెప్పు, డిక్కీల కూసుండి పోదుము."

పక్క సీటులోని ముసలావిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు.

నేను చేయవలసిన పని అన్నతో మాట్లాడటం. "ఆదివారం ఎవరికీ ఇవ్వకు" అని ఒక్క మాట. మా ఇంట్లో తమ్ముడు అన్నకు అలా చెప్పే అలవాటు లేదు. ఆయన షాపు మీద సంపాదించి నన్ను చదివించాడు. ఆ విషయం ఆయన ఎప్పుడూ గుర్తు చేయలేదు కాబట్టి నా నోరు మరింత మూతపడింది.

తర్వాత పది రోజులకు, సెలవు పెట్టి కారును మహబూబాబాద్ తీసుకుపోయాను. టేపు రికార్డరు బిగించుకుందామని ఒక షాపుకు వెళ్లాను. అతను డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి పని చేస్తూ, "చోర్ స్విచ్ గూడ పెట్టమంటరా సార్?" అని అడిగాడు.

అదేమిటంటే, దొంగలకు కనిపించకుండా స్టీరింగు కింద దాచే చిన్న స్విచ్చి. అది వేస్తే, ప్లగ్గులకు కరెంటు పెంచి పంపే కాయిల్ నుంచి పోయే తీగ బండి బాడీకి తగిలి ఉంటుంది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. ప్లగ్గుల్లో నిప్పురవ్వ మాత్రం పుట్టదు. ఇంజను అంటుకోదు.

"దొంగ నాలుగు సార్లు తిప్పి, పెట్రోలు లేదనుకుని ఇడిసిపెట్టి పోతడు," అన్నాడతను. "ఎవ్వరికి చెప్పొద్దు సార్. ఇంట్ల మేడంకు గూడ. చెప్పినంక దాచినా ఒకటే, దాచకున్నా ఒకటే."

ఎవరికీ చెప్పలేదు. నేనది దొంగ కోసం పెట్టించలేదు. మా అన్న కోసం పెట్టించాను. వారం మధ్యలో కారు మొరాయిస్తే, నమ్మకం లేని బండి అని పెళ్లిళ్లకు పంపడం మానేస్తాడు. గొడవ లేకుండా ఆదివారాలు మాకు మిగులుతాయి. ఇదీ నా లెక్క. అప్పుడది చాలా తెలివైన ఆలోచన అనిపించింది.

అనుకున్నట్టే జరిగింది. కారును తిరిగి జనగామ తెచ్చాక, సోమవారం పొద్దున స్విచ్చి వేసి రైలెక్కాను. బుధవారం కారు స్టార్ట్ కాలేదు. అన్న మెకానిక్‌ను పిలిపించాడు.

ఆ మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. అడ్డా వెనకాల రేకుల షెడ్డు ఆయనది. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు. ఆయన పనితీరు వేరు. బండి దగ్గరికి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. కూల్‌డ్రింకు డబ్బా బోర్లించి డోరు పక్కన వేసుకుని కూర్చునేవాడు. ఓనరును మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఆఖరుసారి మంచిగ ఎప్పుడు నడిచింది? ఎవరు నడిపిండ్రు? ఆ తర్వాత దీని మీద ఎవరు చెయ్యి వెట్టిండ్రు? ఈ మూడింటికి జవాబు వచ్చేదాకా పానా ముట్టేవాడు కాదు. "బండికి నోరు లేదు, దాన్ని నడిపినోనికి ఉన్నది. ముందుగాల నోరున్నదాన్ని అడగాలె" అనేవాడు. అడ్డా డ్రైవర్లకు ఇదొక వేడుక. "దవాఖానల డాక్టరు గూడ గిన్ని అడగడు ఉస్తాద్" అని నవ్వేవాళ్లు. కానీ బండి చెడిపోతే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ బుధవారం జరిగింది నాకు అన్న చెప్పాడు. మూడో ప్రశ్నకు అన్న, "మా బండి మీద ఎవలు చెయ్యి వెడ్తరు ఉస్తాద్?" అన్నాడట. ఉస్తాద్ వరసగా చూసుకుంటూ పోయాడు. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీగ లాగి ఇంజనుకు దగ్గరగా పట్టి సెల్ఫ్ కొట్టించాడు, నిప్పురవ్వ లేదు. రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు ఒకటి ఆయన జేబులో ఉండేది. దాన్ని కాయిల్‌కు పెట్టి చూశాడు. బల్బు వెలిగింది. అంటే కాయిల్ దాకా కరెంటు వస్తోంది. చెయ్యి పెడితే కాయిల్ కాలిపోతోంది. పాయింట్లు గీకాడు, కండెన్సర్ మార్చాడు, ఆఖరికి కాయిల్ కూడా మార్చాడు. అయినా బండి అంటుకోలేదు.

శనివారం సాయంత్రం నేను వచ్చాను. కారు అడ్డా మీద ఉస్తాద్ షెడ్డు ముందు ఉంది. సీట్లో కూర్చుని, వంగి, స్టీరింగు కింద చెయ్యి పెట్టి స్విచ్చి తీసేసి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకు స్టార్ట్ అయింది.

"కొత్త కాయిల్ సదురుకునేదాక రెండు రోజులు వట్టింది కావచ్చు" అన్నాడు అన్న, సంతోషంగా.

"సదురుకునుడేందన్న? కాయిల్ ఏమన్న కొత్త కోడలా?" అన్నాడు ఉస్తాద్. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. స్టార్ట్ అయిన ఇంజను పక్కన నిలబడి చాలాసేపు విన్నాడు.

సోమవారం నేను మళ్లీ స్విచ్చి వేశాను. మళ్లీ అదే కథ. ఇలా మూడు వారాలు సాగింది. వారమంతా ఉస్తాద్ బానెట్ కింద ఉండేవాడు, శనివారం నేను వచ్చి ఒక్క తిప్పుకు స్టార్ట్ చేసేవాణ్ణి. అడ్డా మీద ఇది ముచ్చటైపోయింది. "బండికి సారంటే పాణం" అన్నాడొకడు. మీసాల డ్రైవరు ఒకాయన ఉండేవాడు, అందరికన్నా పెద్దవాడు. ఆయన, "మీరు సూస్తలేరు గని, సారు కూసోంగనే ముందుగాల వంగి బండి కాళ్లు మొక్కుతడు. మీరు ఎన్నడన్న మొక్కిండ్రా?" అన్నాడు. నేను వాళ్లతో కలిసి నవ్వాను.

మూడో శనివారం ఉస్తాద్ ఒంటరిగా మా అన్న ఇంటికి వచ్చాడు. నేను డ్రైవరు సీట్లో ఉన్నాను. డబ్బా తెచ్చుకోలేదు. డోరు పక్కన నేల మీదే గొంతుకూర్చున్నాడు.

"సారూ, సదువుకున్నోనివి. జర యాదికి దెచ్చుకోని చెప్పు. మానుకోటల టేపు వెట్టించినవంట గద. గా టేపు బిగించినోడు ఇంకేమన్న ముట్టిండా? ఏదన్న తీగ కోసిండా, కలిపిండా?"

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. ఆయన సరిగ్గా అక్కడికే వచ్చాడు. నా ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. దానికి జానెడు పైన ఆ స్విచ్చి ఉంది. 

"టేపు ఒక్కటే బిగించిండు ఉస్తాద్. ఇంకేం ముట్టలే" అన్నాను.

"పక్కానా?"

"నేను పక్కనే ఉన్న."

ఆయన తలూపి లేచాడు. నా మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టి డ్యాష్‌బోర్డు కింద వెతకలేదు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

తర్వాతి శుక్రవారం ఒక పెళ్లి. మా అన్న షాపుకు పెద్ద ఖాతా ఇల్లు. అంతకుముందు ఆదివారం రాత్రి, బండి నడుస్తుండగానే, "ఈసారి పాయింట్లన్నీ కొత్తవి ఏసిన, పోతది. పెండ్లి దాక ఎవలు ముట్టొద్దు" అని ఉస్తాద్ అంటే, అన్న మాటిచ్చేశాడు. పూలు కట్టిన కారు, బ్యాండు, నలభై మంది జనం. సెల్ఫ్ తిరిగింది, తిరిగింది, బ్యాటరీ దిగిపోయింది. పెళ్లికూతుర్ని ఆటోలో తీసుకుపోయారు.

ఆదివారం పొద్దున నన్ను అడ్డాకు రమ్మని కబురొచ్చింది. కారును అక్కడికే నెట్టుకొచ్చారు. బ్యాటరీ మార్చి పెట్టారు. అన్న తాళం నా చేతికిచ్చి, "తమ్మీ, తిప్పు" అన్నాడు. అప్పుడైనా స్విచ్చి అలాగే వదిలేసి ఉండొచ్చు. అది స్టార్ట్ కాకుంటే అందరూ కలిసి వెతికేవాళ్లు, దొరికేది. దొరుకుతుందనే భయంతో అలవాటుగా వంగాను, చెయ్యి పెట్టాను, తిప్పాను. ఒక్క తిప్పుకు స్టార్ట్ అయింది. అడ్డా అంతా ఈలలు, నవ్వులు.

అన్న నవ్వలేదు. ఉస్తాద్ వైపు తిరిగాడు. "నా తమ్ముడు మెకానిక్ గాదు. ఆయన చేతుల నడుస్తది, నీ చేతుల నడ్వది. నువ్వేం ఉస్తాదువయ్యా? మంచి కాయిల్ దీసుకోని యాడ్నో పాత కాయిల్ ఏసినవ్. గది వేడెక్కితే ఆగుతది, సల్లారితే నడుస్తది. గిదే గద మర్మం?"

ఉస్తాద్ షెడ్డులోకి పోయి కాగితంలో చుట్టిన మా పాత కాయిల్ తెచ్చి చూపించాడు. "గిదే మీది అన్న. దాచి వెట్టిన."

"గది మాదని ఏం రుజువు? అన్ని కాయిళ్లు ఒక్క తీరుగనే ఉంటయ్."

"అన్నా, నేను దొంగతనం జేసిన్నంటవా?"

అప్పుడు మీసాల డ్రైవరు, "ఎందుకు లొల్లి? సారు సదువుకున్నోడు, బండి సారుది గూడ. సారునడుగుండ్రి" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఇంజను నడుస్తూనే ఉంది.

"నాకేం తెల్వది" అన్నాను.

ఉస్తాద్ ఒక క్షణం నన్ను చూశాడు. కోపంగా కాదు. నేనింకా ఏదైనా అంటానేమోనని చూసినట్టుంది. తర్వాత బల్బు తీగలు చుట్టుకుని జేబులో పెట్టుకుని షెడ్డులోకి పోయాడు.

ఆ రోజు తర్వాత నేను స్విచ్చి ఎప్పుడూ వేయలేదు. భయమేసింది. అన్న కారును హనుమకొండ తీసుకుపోతే, అక్కడి మెకానిక్ ప్లగ్గులు తుడిచి పంపాడు. మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. దాంతో ఉస్తాద్ మీద అనుమానం రుజువైపోయింది. అడ్డా మీద ఆయనకు "కాయిల్" అని పేరు పెట్టారు. "కాయిల్ దగ్గరికి పోతున్నవా, పైలం, అన్ని లెక్కవెట్టుకోని పో" అనుకునేవాళ్లు. ఏడాది తిరగకముందే షెడ్డు ఖాళీ అయింది. భూపాలపల్లి వైపు బొగ్గు లారీల పనికి పోయాడని విన్నాను. విన్నప్పుడు బాధ కలగలేదు. ఇక ఎదురుపడడని కొంచెం తేలికగా అనిపించింది. కారు అమ్మేసే ముందు రోజు ఆ స్విచ్చి పీకి, తీగలకు టేపు చుట్టి, దాన్ని రైల్లోంచి బయటికి విసిరేశాను.

పోయిన ఏడాది నాకు భూపాలపల్లి బదిలీ అయింది. నా దగ్గర ఇప్పుడు మరో పాత కారు ఉంది, దీనికి పొత్తు ఎవరూ లేరు. వానలు మొదలైన వారం అది స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు. పక్కింటాయన, "రేగొండ రోడ్ల ఒక ముసలాయన ఉన్నడు సార్. ఆలస్యం జేస్తడు గని వట్టుకుంటడు" అని చెప్పి ఆయనకు ఫోన్ చేశాడు.

స్కూటరు మీద వచ్చాడు. కళ్లద్దాలు, తెల్ల జుట్టు. నేను గుర్తుపట్టలేదు. జేబులోంచి రెండు తీగల బల్బు తీసినప్పుడు గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు నాకు మీసాలు, నిండు జుట్టు. ఇప్పుడు రెండూ లేవు.

ఆయన నేరుగా బానెట్ ఎత్తాడు. ఏమీ అడగలేదు.

"నిన్ననే రేగొండల వాటర్ సర్వీసింగ్ చేయించిన. ఇంజను గూడ కడిగించిన" అన్నాను నేనే.

"కానీయ్ సార్."

"నీళ్లు పోయినయేమో..."

"నేనే సూసుకుంట సార్. మనుషులు జెప్పేది ఇనుడు బంద్ జేసిన. మనిషి అబద్ధమాడతడు. తీగ ఆడది."

గుడ్డ పరిచి, విప్పిన నట్లు ఒక్కొక్కటి వరసగా పేర్చాడు. ఫ్యూజుల నుంచి మొదలుపెట్టి ఒక్కో తీగ వేలితో తడుముకుంటూ వచ్చాడు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి అరగంట వెతికాడు. నేను చెప్పిన మాట విని ఉంటే పది నిమిషాల పని. మధ్యాహ్నం దాకా పట్టింది. చివరికి కాయిల్‌కు తగిలే తీగ కనెక్టరు పీకితే దాని మూతిలో నీళ్లు కనిపించాయి. గుడ్డతో అద్ది, నోటితో ఊది, పెట్టాడు. స్టార్ట్ అయింది.

"కాయిల్ మంచిగనే ఉన్నది" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "కాయిల్ పోయిందనాల్నంటే నేను పదిసార్లు సూస్త."

చాయ్ తెప్పించాను. ఎందుకు అడగడం మానేశారని అడిగాను. ఎందుకో నాకు తెలుసు. అయినా అడిగాను.

"జనగామల ఒక తెల్లకారు ఉండె సార్. అన్నదమ్ములది. గా బండి నా చేతుల ఒక్కనాడు నడ్వలే. తమ్ముడు కూసుంటే నడుస్తది. నన్ను దొంగ అన్నరు. దొంగ అంటే అన్నరు, అది ఒక దుఃఖం. దానికన్న పెద్దది, గది ఎందుకు నడ్వలేదో నాకు ఇప్పటిదాక తెల్వది. నిరుడు గుండెనొప్పని దవాఖానల పండుకున్న. పిల్లల మీద కన్న గా బండి మీదనే ధ్యాస వోయింది. పాయింట్లు సూసిన, కండెన్సర్ సూసిన, ఏది ఇడిసిపెట్టిన?"

చాయ్ చల్లారిపోతోంది. "చోర్ స్విచ్ ఉస్తాద్" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. ఉస్తాద్ అని ఇక్కడ ఆయన్ని ఎవరూ పిలవరట, తర్వాత చెప్పాడు.

"ఆ తమ్ముణ్ణి నేనే. మానుకోటల టేపుతోని పాటు చోర్ స్విచ్ పెట్టించిన. నువ్వు అడిగితే లేదన్న."

ఆయన ముందు అడిగిన మాట నేను ఊహించింది కాదు. "యాడ వెట్టించినవ్?"

"స్టీరింగు కింద, ఎడమ పక్క."

"కాయిల్‌కు వచ్చే తీగ కోసిండా, పోయే తీగను బాడీకి ఇచ్చిండా?"

"పోయే తీగను బాడీకి."

ఆయన తొడ మీద గట్టిగా చరుచుకున్నాడు. "గందుకే బల్బు వెలిగింది! గందుకే కాయిల్ వేడెక్కింది! వట్టి బాడీకి కొడుతుంటే వేడెక్కక ఏం జేస్తది?" అని నవ్వాడు. నిజంగా సంతోషంగా నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను తప్పు సూడలే. నేను సూసింది కరెక్టే" అని తనలో తనే రెండుసార్లు అనుకున్నాడు.

నవ్వు మెల్లగా ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"అడిగిన గద సారూ. నీ కాళ్ల కాడ కూసోని అడిగిన."

"అడిగినవ్ ఉస్తాద్. నన్ను..."

"ఆగు." చెయ్యి అడ్డం పెట్టాడు. "గిక్కడ అనకు. గిక్కడ నన్ను దొంగ అన్నోడు ఒక్కడు లేడు. యాడ అన్నరో ఆడ చెప్పు."

రెండు వారాలు వెనకాముందాడాను. ఒప్పుకోవడం ఒక ఎత్తు, మా అన్న ముందు ఒప్పుకోవడం మరో ఎత్తు. ఇరవై ఏళ్లుగా ఆయన ఆ కథను పది మందికి చెబుతున్నాడు. నా భార్యకు చెబితే మొదట నమ్మలేదు. తర్వాత, "నేను డిక్కీ అన్నందుకా గిదంతా?" అంది. కాదన్నాను. అవునో కాదో నాకే సరిగా తెలియదు.

మూడో ఆదివారం ఉస్తాద్‌ను నా కారులోనే తీసుకుపోయాను. పరకాల దాటేదాకా ఆయన ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు. "రెండో ప్లగ్గు మార్చు సారూ, జర కొట్టుకుంటున్నది" అన్నాడొకసారి. హనుమకొండలో టిఫిన్ అంటే వద్దన్నాడు.

జనగామ అడ్డా ఇప్పుడు సగం ఆటోల అడ్డా. కుర్రవాళ్లకు ఈ కథ తెలియదు. పాతవాళ్లు నలుగురు మిగిలారు. మీసాల డ్రైవరు ఇప్పుడు బండి నడపడు, చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చుంటాడు. మా అన్నను ముందే రమ్మన్నాను. షాపు కొడుక్కి అప్పజెప్పి, చక్కెర జబ్బుతో మెల్లగా నడుస్తూ వచ్చాడు. ఉస్తాద్ కారు దిగలేదు. అద్దం కిందికి దించి కూర్చున్నాడు.

నిలబడి చెప్పాను. స్విచ్చి ఎందుకు పెట్టించానో, ఎప్పుడు వేశానో, ఎప్పుడు తీశానో వరసగా చెప్పాను.

"ఏదీ స్విచ్చి?" అన్నాడొక పాత డ్రైవరు.

"పారేసిన."

"ఉస్తాద్ ముసలోడైండని, దయతోని చెప్తున్నవ్ సారు" అన్నాడు అతను. ఇంకొకడు తలూపాడు. ఇరవై ఏళ్లు నేను ఎవరినైతే నమ్మించానో వాళ్లు ఇప్పుడు నిజం నమ్మడం లేదు.

అప్పుడు మీసాల డ్రైవరు బెంచీ మీద నుంచి మెల్లగా లేచాడు. "ఓరి నీ... బండి కాళ్లు మొక్కుతున్నవనుకుంటి గదరా! వంగి చెయ్యి వెడితివి. ప్రతిసారి వెడితివి. నేను ఇంటికి వోయి నా బండికి గూడ మొక్కితిరా!"

ఎవరో ఫక్కుమన్నారు. ఆ తర్వాత అడగడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. మా అన్న మాత్రం నా ముఖమే చూస్తున్నాడు.

"నా మీద వెట్టినవా తమ్మీ స్విచ్చి? ఒక్క మాట అంటే ఆదివారం బండి ఇయ్యకపోదునా?"

"అననీకి నోరు రాలే అన్నా."

"నీకు నోరు రాకపాయె. నా నోరు ఊకోకపాయె" అన్నాడు. తర్వాత నన్ను దాటుకుని కారు దగ్గరికి నడిచాడు. కిటికీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఏదో అనబోయి, నా వైపు చూసి, "ముందుగాల నువ్వు" అన్నట్టు పక్కకు జరిగాడు.

నేను వెళ్లి డోరు పక్కన గొంతుకూర్చున్నాను. నాకు మోకాళ్ల నొప్పులు, ఆ పని అంత సులువుగా కాలేదు. అడ్డా మొత్తం వినేటట్టే అన్నాను.

"ఉస్తాద్, ఆ కాయిల్ చెడిపోలే. నువ్వు దాన్ని తియ్యలే. నువ్వు నన్ను అడిగినవ్, నేను తెలిసీ తెల్వదన్న. దొంగతనం నాది, పేరు నీకు వచ్చింది. నన్ను మాఫ్ చెయ్యి."